నాన్న కిడ్నీ జబ్బుతో పోయారు, నేను కొండల్లో 50 కిలోమీటర్లు పరుగెత్తవచ్చా?

ప్రశ్న: నా వయసు 36. సోంపేట దగ్గర ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇద్దరు పిల్లలు. మావారికి పలాసలో జీడిపప్పు వ్యాపారం. నాలుగేళ్లుగా తెల్లవారుజామున జీడితోటల్లో ఒంటరిగా పరుగెత్తుతున్నాను, ఆదివారాలు ఎక్కువసేపు. విశాఖలో హాఫ్ మారథాన్‌లు (సుమారు 21 కిలోమీటర్లు) పూర్తి చేశాను. ఈ శీతకాలం కర్ణాటకలో కాఫీ తోటల కొండల్లో జరిగే 50 కిలోమీటర్ల ట్రెయిల్ పరుగుకు (మట్టిబాటల్లో సాగే పరుగు) వెళ్లాలని ఉంది. మా నాన్న ఉద్దానం (శ్రీకాకుళం జిల్లాలో మా ప్రాంతం) కిడ్నీ జబ్బుతో పోయారు. అప్పట్లో డయాలసిస్‌కు ఆయనను రైల్లో విశాఖ తీసుకెళ్లేదాన్ని. స్టేషన్ వంతెన మెట్లు ఎక్కలేక మధ్యలోనే కూర్చుండిపోయేవారు. కొండ ఎక్కుతున్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది, ఆగాలనిపించదు. ‘మీ నాన్నలాగే నువ్వూ పోతే పిల్లల గతేమిటి, ఇక పరుగెత్తనని వాళ్ల మీద ఒట్టు వెయ్యి’ అంటున్నారు మావారు. చైనాలో ఇలాంటి పరుగులో మనుషులు చనిపోయిన వార్త ఫోనుకు పంపారు. అత్తగారు నాతో మాట్లాడటం తగ్గించారు. ఎవరికీ చెప్పకుండా డబ్బు కట్టేయాలనిపిస్తోంది. నాది స్వార్థమా?

జవాబు: అమ్మా, మీది స్వార్థం కాదు. ఇల్లు, బడి, పిల్లలను చూసుకుంటూ నాలుగేళ్లుగా తెల్లవారుజామున లేస్తున్న మనిషి ఏడాదిలో రెండు మూడు రోజులు తనకోసం అడిగితే ఎవరూ తప్పు పట్టకూడదు. కానీ చెప్పకుండా డబ్బు కట్టకండి. ఇప్పుడు మీ ఇంట్లో నడుస్తున్నది భయం గురించిన తగవు. దాచిన సంగతి బయటపడిన రోజున అది నమ్మకం గురించిన తగవవుతుంది. అప్పుడు మీ కోరిక ఎంత న్యాయమైనదైనా వినేవారుండరు.

ఒట్టు కూడా వేయకండి. మీవారికి కోపం లేకుండా, స్పష్టంగా చెప్పండి: ‘పిల్లలను ఇందులోకి తేవద్దు. మీ భయం ఏమిటో చెప్పండి, వింటాను.’ ఆ తర్వాత నిజంగానే వినండి.

ఎందుకంటే ఆయన భయానికి ఆధారం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో పుట్టి పెరిగిన వారికి దాన్ని వివరించనక్కర్లేదు. ఫలానా కారణం వల్లే వస్తోందని ఇప్పటికీ తేలని జబ్బు అది. చాప కింద నీరులా వస్తుంది, లక్షణాలు కనబడేసరికే మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అలాంటప్పుడు ‘నాకేమీ కాదు’ అని మీరు ఎన్నిసార్లు అన్నా ఆయనకు ధైర్యం రాదు. రక్త పరీక్ష కాగితం కావాలి. సీరం క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంత ఉందో చెప్పేది), దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ (మూత్రపిండాలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె), మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. మూత్ర పరీక్ష ఒక్కటీ చేయించి ఊరుకోవద్దు, ఉద్దానం జబ్బులో మూత్రంలో ప్రొటీన్ మొదట్లో అంతగా కనబడకపోవచ్చు. దూరం పరుగెత్తాక కొన్ని రోజులు క్రియాటినిన్ మామూలు కంటే ఎక్కువగా ఉండవచ్చు కనుక వారం విశ్రాంతి తీసుకుని వెళ్లండి. మీ నాన్నగారి కాలంలో విశాఖ రైలెక్కక తప్పేది కాదు. 2023 డిసెంబరు నుంచి పలాసలోనే కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. మీవారిని వెంట తీసుకెళ్లండి, నిపుణుడు చెప్పేది ఆయన స్వయంగా వినాలి.

ఫలితం బాగాలేకపోతే 50 కిలోమీటర్ల మాట వదిలేయండి. ఎంత నడవవచ్చో, ఎంత పరుగెత్తవచ్చో ఆ డాక్టరే చెబుతారు. ఫలితం బాగుంటే, మీ కుటుంబ చరిత్రను బట్టి ఏటా ఈ పరీక్షలు చేయించుకోవాలి.

మరొక షరతు నొప్పి మాత్రల గురించి. దూరపు పరుగుల్లో మోకాళ్లు పీకినప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేసుకుని ముందుకు సాగేవారు ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు నలిగి ఉన్న వేళ ఆ మాత్రలు మూత్రపిండాలకు అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆరోగ్యవంతులకే అది ప్రమాదం. మీ సంచిలో అవి ఉండనే కూడదు. అలాగని భయపడి లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగినా ముప్పే, రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి, ఉప్పు తగిలే తిండి తినండి.

చైనా వార్త నిజమే. 2021 మేలో గాన్సు ప్రాంతంలో జరిగిన 100 కిలోమీటర్ల పరుగులో 21 మంది చనిపోయారు. ఎత్తయిన చోట ఒక్కసారిగా చలిగాలి, వాన, వడగళ్లు ముంచుకొచ్చాయి. చాలామంది ఒంటిమీద పలుచని బట్టలే ఉన్నాయి. అందుకే మీరు వెళ్లదలచిన పరుగులో గాలి, వాన ఆపే జాకెట్టు తప్పనిసరా, వైద్యులు ఎక్కడెక్కడ ఉంటారు, మధ్యలో మానుకున్నవారిని కిందికి ఎలా తెస్తారు అని నిర్వాహకులను అడగండి. జవాబులు మీవారికి చూపించండి. సరైన జవాబు రాకపోతే ఆ పరుగుకు నేనూ వద్దంటాను.

ఇక మీరు రాసిన ‘ఆగాలనిపించదు’ అన్న మాట. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. మెట్ల మీద కూర్చుండిపోయిన నాన్న మీ కళ్లముందు ఉన్నారు కనుక ఆగడమంటే మీకు జబ్బు, ఆగడమంటే చావు. కొండ పరుగుల్లో ఆగడం రోజూ జరిగే పని. అనుభవజ్ఞులు కూడా నిటారు ఎక్కుళ్లలో నడుస్తారు. దారిలో ప్రతి మజిలీకీ గడువు ఉంటుంది, అది దాటితే నిర్వాహకులే ఆపేస్తారు. కడుపులో తిప్పి కూర్చుని, ఛాతీకి తగిలించుకున్న పోటీ నంబరు నిర్వాహకులకు ఇచ్చేసి దిగిపోయేవారు ప్రతి పరుగులోనూ ఉంటారు, మరుసటి ఏడు మళ్లీ వస్తారు. మీరు అలా దిగిరాగలరా? వాంతులవుతున్నా, గంటల తరబడి మూత్రం రాకపోయినా, వచ్చింది డికాక్షన్ రంగులో ఉన్నా, తల తిరిగి మాట తడబడుతున్నా పరుగు అక్కడితో ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఈ నాలుగూ ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే ఆయనకు మీరిచ్చే మాట, ఒట్టుకు బదులుగా.

ఆగడాన్ని అభ్యాసం కూడా చేయాలి. మందస వైపు నుంచి మహేంద్రగిరి మీకు దగ్గరే, ఎత్తు సుమారు 1,500 మీటర్లు. తోడుతో ఎక్కండి, ఒకసారి శిఖరం కనబడుతుండగానే కావాలని వెనక్కి తిరిగి రండి. ఏడుపు వస్తే ఏడవండి. ఆ మెట్ల సంగతి మీవారికి ఎప్పుడైనా పూర్తిగా చెప్పారా? చెప్పలేదని నా అనుమానం. పరుగు ఎందుకో తెలియనంతకాలం ఆయనకు అది మొండితనంగానే కనబడుతుంది.

చీకటితో జీడితోటల్లో ఒంటరిగా పరుగెత్తడం మాత్రం నేటితో మానేయండి. ఉద్దానంలో ఎలుగుబంట్లు మనుషుల ప్రాణాలు తీసిన సంగతి మీకు తెలియనిది కాదు. అత్తగారి మౌనానికి బహుశా ఆదివారం పొద్దుటి వంటా ఒక కారణం కావచ్చు. మీ పరుగు గంటలు పెరిగే కొద్దీ ఆ పని ఎవరి మీద పడుతోందో చూడండి, పిల్లలను, మీవారిని అందులో కలపండి.

నా అభిప్రాయం అడిగితే, హాఫ్ మారథాన్ నుంచి కొండల్లో 50 కిలోమీటర్లకు కొద్ది నెలల్లో దూకవద్దు. ఈ శీతకాలం 25, 30 కిలోమీటర్ల కొండ పరుగు ఒకటి చూసుకోండి, మీవారిని రమ్మనండి. అది ఎలా సాగిందో చూశాక 50 గురించి మాట్లాడుకోవచ్చు. దుకాణంలో పని తక్కువగా ఉండే రోజు చూసుకుని ముందు ఇద్దరూ పరీక్షకు వెళ్లండి. ఫలితం చేతికి వచ్చేదాకా ఏ పరుగుకూ డబ్బు కట్టకండి.