వేడి ఎంతో తెలుసుకుని ప్యాడ్లు కొను

చిరంజీవి కిరణ్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే నెలలో మొదటిసారి ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజుకు, వెళ్తున్నావని, రోజూ ఆఫీసుకు నడిపే కారుకే అన్నింటికన్నా గట్టి రేసు బ్రేకు ప్యాడ్లు, అదే చక్రంతో తిరిగే డిస్కును నొక్కి కారును ఆపే దిమ్మలు, వేయించాలనుకుంటున్నావని రాశావు. కొనకముందే అడిగావు, సంతోషం. నేను కొన్న తర్వాత నేర్చుకున్నాను.

నీ వయసులో నేనూ అచ్చమైన రేసు ప్యాడ్లు వేయించుకున్నాను. ట్రాక్ మీద వాటికి తిరుగు లేదు. మర్నాడు చలిలో బయలుదేరి మొదటి కూడలి దగ్గర బ్రేకు తొక్కితే, కారు నా మాట విననట్టు ముందుకు పోయింది. బలంకొద్దీ అదిమితే ముందున్న లారీకి మూరెడు దూరంలో ఆగింది. ఇందులో ప్యాడ్ల తప్పేమీ లేదు. వేడెక్కాక పట్టడానికి చేసిన వస్తువును నేను చల్లగా ఉండగా పట్టమన్నాను. పైగా ఆ ప్యాడ్లు ప్రతి మలుపులో కీచుమనేవి, చల్లటి డిస్కులను గీరి తినేసేవి. వాటి పొడి చక్రాల రంగులోకి దిగి మచ్చలు చేసింది.

అందుకే ఏ ప్యాడ్లు గొప్పవన్న ప్రశ్న పక్కన పెట్టు. నీ కారు, నీ కాలు ఎంత వేడి పుట్టిస్తాయన్నది తేల్చుకో. బ్రేకు పని వేగాన్ని వేడిగా మార్చడమే కదా. 1,400 కిలోల కారును 160 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దించావంటే, ఆ నాలుగైదు సెకన్లలో పుట్టే వేడి మూడు లీటర్ల నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లగలదు. ట్రాక్ మీద అది చుట్టుకు నాలుగైదు సార్లు, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా జరుగుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు. బరువైన కారైనా, నేలను బాగా పట్టే టైర్లు వేసినా లెక్క ఇంకా పెరుగుతుంది.

మామూలు రోడ్డు ప్యాడ్లు చాలామటుకు మూడు నాలుగు వందల డిగ్రీలు దాటేసరికి పట్టు వదులుతాయి. ప్యాడులోని పదార్థాలను కలిపి ఉంచే రెసిన్ మాడి, దాని నుంచి వచ్చే వాయువు ప్యాడుకూ డిస్కుకూ మధ్య పొరలా నిలుస్తుంది. అప్పుడు పెడల్ రాయిలా గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం ఆగదు. ఇది ప్యాడ్ల జబ్బు. పెడల్ దూదిలా మెత్తబడి నేల దాకా దిగిపోతే అది వేరే జబ్బు, బ్రేకు ఆయిలు మరిగింది. పేరుకు ఆయిలే గానీ మన కార్లలో ఉండేది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. వాటిలో డాట్ 4 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఈ తేడా తెలియక ఆయిలు మరిగినవాళ్లు వెళ్లి ఖరీదైన ప్యాడ్లు కొనడం ఎన్నిసార్లు చూశానో.

కాబట్టి ముందు ఆ ఆయిలు మొత్తం తీయించి, మరిగే హద్దు ఎక్కువున్న కొత్తది పోయించు. డాట్ 5 అని రాసి ఉంటే ముట్టుకోకు. అది సిలికాన్ రకం, నీ కారులో ఉన్నదానితో కలవదు. డాట్ 5.1 ఫరవాలేదు. మొదటి రోజుకు ఇదీ, మందం బాగా ఉన్న మంచి రోడ్డు ప్యాడ్లూ చాలు. నీ కారు తేలికైనదే, నువ్వింకా ట్రాక్ నేర్చుకునే దశలోనే ఉంటావు. కోపం తెచ్చుకోకు, అందరం అక్కడి నుంచే వచ్చాం.

ఆ రోజు డిస్కు అంచున వేడి చూపే రంగు పూసుకుని వెళ్లు. ఫలానా డిగ్రీలు దాటగానే రంగు మారుతుంది, ఊహలతో పని ఉండదు. ఆ అంకె చేతిలో ఉంటే, ప్యాడ్లు ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీల దాకా పట్టుతాయో చెప్పే పెట్టె మీది అంకెలకు అర్థం వస్తుంది. అందరూ పై హద్దు చూసి మురిసిపోతారు. నువ్వు కింది హద్దు ముందు చూడు. చల్లగా ఉన్నప్పుడే పట్టు మొదలై, నీ రంగు చూపిన వేడి కన్నా వంద డిగ్రీలు పైదాకా నిలిచే రకం నీకు సరైనది. రోడ్డుకూ ట్రాక్‌కూ రెండింటికీ అని అమ్మేవాటిలో అలాంటివి దొరుకుతాయి. అంతకు మించిన వేడి పుట్టిస్తుంటే రాజీ మానేసి రెండు సెట్లు పెట్టుకో, ట్రాక్ దగ్గరే మార్చుకో. రేసు ప్యాడ్లలో చాలావాటికి రోడ్డు మీద వాడే అనుమతి కూడా ఉండదు.

కొన్ని ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, జీజీ అని అక్షరాలు కనిపిస్తాయి. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ట్రాక్ వేడిలో ప్యాడు ఎలా ఉంటుందో ఆ అక్షరాలు చెప్పవు. గుణకం ఎక్కువైనంత మాత్రాన నీకు మేలని కూడా అనుకోకు. కాలి కింద ఎంత అదిమితే అంత పట్టి, వదలగానే వదిలే ప్యాడే నాకు ఇష్టం.

ముందువీ వెనుకవీ ఒకే తయారీదారు జతగా చెప్పినవే వేయించు. వెనుక ప్యాడ్లు ముందువాటికన్నా దూకుడుగా ఉంటే బ్రేకు తొక్కగానే తోక ఊగుతుంది. వెనుకవి అనుకోకుండా త్వరగా అరిగిపోతుంటే ప్యాడ్లను తిట్టకు. మలుపుల్లో కారును సరిదిద్దే ఎలక్ట్రానిక్ వ్యవస్థ నీకు తెలియకుండా వాటిని నొక్కుతూ ఉండవచ్చు.

కొత్త ప్యాడ్లను డిస్కుకు మచ్చిక చేయనిదే ట్రాక్ ఎక్కకు. ఖాళీ రోడ్డు మీద వేగం నుంచి గట్టిగా తగ్గిస్తూ, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పది సార్లు చేసి, తర్వాత బ్రేకు తొక్కకుండా నడిపి చల్లారనివ్వాలి. ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పరుచుకోవాలి. ఎగుడుదిగుడుగా అంటుకుంటే పెడల్ అదురుతుంది, జనం డిస్కు వంగిందంటారు. రకం మార్చేటప్పుడు డిస్కు మీది పాత పొర గీయించేయి. ట్రాక్ నుంచి రాగానే హ్యాండ్‌బ్రేకు వేయకు, గేరులో ఆపి చక్రాల కింద అడ్డు పెట్టు. వేడి ప్యాడు డిస్కును నొక్కుకుని ఉంటే అక్కడే అచ్చు పడుతుంది. చివరి చుట్టు ఎప్పుడూ బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా నడుపు.

ప్యాడు సగం అరిగితే రోడ్డుకు ఇంకా పనికొస్తుంది, ట్రాక్‌కు పనికిరాదు. పలచబడిన ప్యాడు వేడిని నేరుగా ఆయిలుకు అందిస్తుంది.

వెళ్లొచ్చాక ఆ ప్యాడ్లు విప్పించి నా దగ్గరకు తీసుకురా. అంచులు తెల్లబడ్డాయో, పొడి రాలుతున్నాయో చూద్దాం. రంగు చూపిన అంకె కూడా కాగితం మీద రాసుకుని రా, రెండో జత అప్పుడు ఎంచుదాం.

పెదనాన్న