ఓట్స్ కుకీలు అట్టులా పరుచుకుపోతున్నాయా?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా పాప బరంపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది, కొన్న బిస్కెట్లు తిని తిని మొహం మొత్తింది, ఓట్స్ కుకీలు చేసి పంపమ్మా అంది. కొత్తగా ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) కొన్నాం, బేకింగ్ నాకు ఇదే మొదలు. వీడియో చూసి చేశాను కానీ వెన్న లేదని అంతే నెయ్యి కరగబెట్టి పోశాను, బ్రౌన్ షుగర్ దొరక్క బెల్లం తురిమి వేశాను, ఓట్స్ ఏమో పొద్దున్న జావకి వాడేవే. ట్రే బయటికి తీస్తే అన్నీ కలిసిపోయి ఒకటే అట్టు, అంచులు మాడి మధ్యలో పచ్చి. ఏటి తప్పు చేశానో తెలీట్లేదు. ఇక్కడ దొరికే సామాన్లతో అవుతుందా లేక విశాఖ నుంచి తెప్పించుకోవాలా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: చెల్లీ, విశాఖ దాకా ఎందుకు, మీ ఊరి కిరాణా షాపులో దొరికేవే చాలు. అసలు తేడా నెయ్యి దగ్గర వచ్చింది. వెన్నలో సుమారు 80 శాతమే కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లు, నెయ్యి అయితే దాదాపు అంతా కొవ్వే, మరి 100 గ్రాముల వెన్న పోయాల్సిన చోట 100 గ్రాముల నెయ్యి పోస్తే కొవ్వు ఎక్కువైపోయింది కదా, పైగా కరిగినది పోశావు, దానికి బెల్లంలో ఉన్న తేమ తోడైంది, ఇంక ఆ పిండి వేడి తగలగానే పారకుండా ఎలా ఉంటుంది. అరిసెల పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది చూడు, ఇదీ అలాంటిదే. నాన్‌ఖటాయి నెయ్యితోనే చేస్తారు కదా అంటావేమో, అందులో పేరుకున్న నెయ్యి వాడతారు, గుడ్డు, బెల్లం లాంటి తడి ఉండదు.

అందుకని మొదటి రెండు మూడు సార్లు వెన్నే కొనుక్కో. అమూల్ ఉప్పు వెన్న అయినా పర్వాలేదు, విడిగా ఉప్పు మాత్రం వెయ్యకు. ఫ్రిజ్ లోంచి తీసి కాసేపు బయట పెట్టి వేలితో నొక్కి చూడు, గుంట పడాలి కానీ వెన్న కారకూడదు, వేలు జిడ్డుగా మెరిసిందంటే ఎక్కువ మెత్తబడినట్టే, మళ్లీ పది నిమిషాలు లోపల పెట్టెయ్. మే నెలలో మన వైపు ఎండకి ఇది చూస్తుండగానే అయిపోతుంది. నెయ్యే వాడాలంటే 80 గ్రాములు, అదీ గడ్డకట్టినది.

ఓట్స్ సంగతి. నీ కుకీలు పరుచుకోడానికి ఓట్స్ కారణం కాదు కానీ మంచి ఓట్స్ లేకపోతే ఆ నమిలే రుచి రాదు. ప్యాకెట్ మీద రోల్డ్ ఓట్స్ అని ఉన్నవి తీసుకో, గింజని ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినవి అవి, పెద్ద రేకులుగా ఉంటాయి. జావకి వాడే క్విక్ ఓట్స్ ముక్కలు చేసి ఇంకా పల్చగా నొక్కుతారు, తడి త్వరగా పీల్చుకుని పిండిలో కలిసిపోతాయి. ఇంట్లో అవే ఉంటే పారెయ్యక్కర్లేదు, కుకీ కొంచెం మెత్తగా కేకులా వస్తుంది అంతే. స్టీల్ కట్ వద్దు, అవి నూకలాంటివి, పావుగంటలో ఉడకవు, పంటికి రాళ్లలా తగులుతాయి. మసాలా ఓట్స్ అసలు ముట్టుకోకు. ఇంకోటి, మిగతా ధాన్యాల కన్నా ఓట్స్‌లో కొవ్వు కాస్త ఎక్కువ, పాతబడితే మక్కువాసన వస్తాయి, అందుకే చిన్న ప్యాకెట్ కొని తెరవగానే వాసన చూడు, చేదువాసన ఉంటే ఎన్ని ఏలకులు వేసినా ఆ కుకీ బాగుపడదు.

తీపికి బ్రౌన్ షుగర్ లేకపోతే సగం పంచదార, సగం పొడి బెల్లం. అచ్చు బెల్లం తురిమితే తడిగా ముద్ద కడుతుంది, పొడి బెల్లమే మేలు. బెల్లం ఉంటే బేకింగ్ సోడా బాగా పనిచేస్తుంది, సోడాకి కాస్త పులుపు గుణం ఉన్నది తోడు కావాలి, అది బెల్లంలో కొద్దిగా ఉంటుంది. డబ్బా పాతదైతే చిటికెడు సోడా మీద నిమ్మరసం పిండి చూడు, బుసబుసా పొంగకపోతే కొత్తది కొనాలి.

కొలతలు ఇవి: వెన్న 100 గ్రాములు, తీపి మొత్తం 120, గుడ్డు ఒకటి, మైదా 100, రోల్డ్ ఓట్స్ 130, సోడా అర టీ స్పూను, దాల్చినచెక్క పొడి అర టీ స్పూను. ఎండుద్రాక్ష గుప్పెడు, పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి గుడ్డ మీద ఆరబెట్టి వెయ్యి, లేకపోతే ఓవెన్లో గట్టిపడి పళ్లకి అంటుకుంటాయి. జీడిపప్పు మీకు పక్కనే పలాస, గుండు కొనక్కర్లేదు, చవకగా వచ్చే ముక్క చాలు, ఎలాగూ చిదిమేదే కదా. వెన్న, తీపి కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టి, గుడ్డు వేసి, పొడులు ఎక్కువ కలపకుండా కలిపి, ముద్దని అరగంట ఫ్రిజ్‌లో పెట్టు, ఈ అరగంట మాత్రం వదిలెయ్యకు, సగం పరుచుకోవడం దీనితోనే ఆగుతుంది. ఓటీజీ 175 డిగ్రీలకి ముందే పది నిమిషాలు వేడెక్కాలి. 12 నుంచి 14 నిమిషాలు, అంచులు ఎర్రబడి మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడే తీసెయ్, చల్లారాక గట్టిపడతాయి.

ప్రశ్న: మేడం, జయపురం వైపు చోళ్లు (రాగులు) బాగా పండుతాయి, ఇక్కడివాళ్లు మాండియా అంటారు. మైదా మొత్తం తీసేసి చోడిపిండితో ఓట్స్ కుకీలు చెయ్యచ్చా?
– ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా

జవాబు: మొత్తం వద్దు బాబూ. చోడిపిండికి గోధుమలో ఉండే సాగుడు ఉండదు, కుకీ చేతిలోకి తీసుకోగానే పొడిపొడి అయిపోతుంది. 100 గ్రాముల మైదాలో 30 గ్రాములు తీసేసి అంత చోడిపిండి వెయ్యండి, ముందు సన్నసెగ మీద దోరగా వేయిస్తే పచ్చివాసన పోయి కమ్మగా ఉంటుంది, పూర్తిగా చల్లారాకే కలపాలి, వేడిది వేస్తే వెన్న కరుగుతుంది. మైదా వద్దనుకుంటే మిగతా 70కి గోధుమపిండి వేసుకోండి, అది తడి ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఒక పెద్ద చెంచా పాలు అదనంగా పడతాయి. కొరాపుట్ చోళ్లతో చేసినప్పుడు ఎండుద్రాక్ష కన్నా నువ్వులు బాగుంటాయని నా మాట, ఒకసారి చేసి చూడండి.

ప్రశ్న: కార్తీకమాసంలో మా ఇంట్లో గుడ్డు తాకరు. గుడ్డు బదులు ఏం వెయ్యాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: ఒక గుడ్డుకి ఒక పెద్ద చెంచా అవిసెగింజల పొడి, మూడు పెద్ద చెంచాల నీళ్లు కలిపి పది నిమిషాలు వదిలెయ్యండి, జిగురుగా సాగుతుంది, అదే పట్టుకుంటుంది. అవిసెలు లేకపోతే మూడు చెంచాల పాలు, కానీ అప్పుడు కుకీ కొంచెం పెళుసుగా వస్తుంది, డబ్బాలో సర్దేటప్పుడు మధ్యమధ్యలో కాగితం పెట్టండి.