పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ జీతం, ఉండే ఊరి ఖర్చు

ప్రశ్న: నేను ఒక చిన్న పట్టణంలోని గోదాములో ఎనిమిదేళ్లుగా కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ (వెనక ఉన్న బరువు ఆసరాతో ముందు కొమ్ముల మీద సరుకు ఎత్తే బండి) నడుపుతున్నాను. ఓడరేవున్న పెద్ద నగరంలో ఒక సరుకు రవాణా సంస్థ నాకు ఉద్యోగం ఇస్తానంటోంది. ఇప్పుడు చేతికందే నెల జీతాన్ని 100 అనుకుంటే అక్కడ 135 వస్తుంది. అందులో 20 ఓవర్‌టైముది. ఇక్కడ అద్దె 22, తిండి 30, రాకపోకలు 4, చదువులు, కరెంటు, వైద్యం వగైరా 20. అక్కడ విచారిస్తే అద్దె 42, తిండి 33, రాకపోకలు 11, మిగతావి 26 అవుతాయని తెలిసింది. మాకు అందుబాటులో ఉన్న పేట నుంచి పనికి వెళ్లడానికి గంట, రావడానికి గంట పడుతుంది. ఇక్కడైతే గోదాము ఇంటి పక్కనే. ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. వెళ్లమంటారా?

జవాబు: ఈ అంకెల మీద అయితే వద్దంటాను. మీరు ఖర్చులన్నీ వివరంగా రాశారు గాని కూడి చూసుకున్నట్టు లేదు. ఇక్కడ మీ ఖర్చు 76, మిగులు 24. అక్కడ ఖర్చు 112, మిగులు 23. జీతం మూడో వంతుకు పైగా పెరిగినా నెలాఖరున చేతిలో నిలిచేది ఒకటి తగ్గుతోంది. సరుకు రాకపోకలు మందగించి ఓవర్‌టైము ఆగిపోయిన నెలలో 115 వచ్చి 112 పోతుంది కనుక మిగిలేది 3 మాత్రమే. ఆ నెలలో పిల్లవాడికి జ్వరం వస్తే అప్పు చేయవలసిందే.

జర్మన్ గణాంక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల లెక్కలను పరిశీలించి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికి పోయే వాటా తగ్గుతుందని చూపించాడు. ఆ కొలతతో చూస్తే మీరు బాగుపడుతున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే తిండి వాటా 30 శాతం నుంచి 24 శాతానికి దిగుతోంది. అయితే అద్దె వాటా 22 నుంచి 31 శాతానికి, ఓవర్‌టైము లేని నెలలో 36 శాతానికి పైగా ఎక్కుతోంది. అమెరికా గృహ విధానంలో కుటుంబ ఆదాయంలో 30 శాతం దాటి ఇంటికే పోతే దాన్ని భారంగా లెక్కిస్తారు. అయితే అది కోతలకు ముందున్న ఆదాయం మీద కట్టే లెక్క, మీరు చెప్పింది చేతికందే డబ్బు, కనుక ఈ పోలిక ఉజ్జాయింపే. బియ్యం, పప్పు ధరల్లో ఊరికీ ఊరికీ ఉండే తేడా కొద్దిపాటిదే. ఊళ్లను నిజంగా వేరుచేసేది ఇంటి అద్దె, దాని వెంటే వచ్చే ప్రయాణం.

ఆ ప్రయాణానికి టిక్కెట్టు ఖర్చే కాదు, కాలం కూడా పోతుంది. నెలకు 26 పనిదినాలు, రోజుకు రెండు గంటలు అంటే 52 గంటలు, ఎనిమిది గంటల లెక్కన ఆరున్నర రోజుల పని. ఇప్పుడు మీరు 208 గంటలు ఇచ్చి 100 తెచ్చుకుంటున్నారు; అక్కడ ఓవర్‌టైము కలపకుండానే 260 గంటలు ఇచ్చి 115 తెచ్చుకుంటారు. ఇంటి గుమ్మం దాటింది మొదలు తిరిగి వచ్చేదాకా లెక్కవేస్తే మీ గంట విలువ 0.48 నుంచి 0.44కు పడిపోతోంది. ఇప్పటి 24 మిగులు నిలవాలంటే ఓవర్‌టైము ఊసు లేకుండానే 136 రావాలి. సంస్థతో మాట్లాడేటప్పుడు ఈ అంకెను మనసులో పెట్టుకోండి.

వెళ్లడానికి బలమైన కారణాలు రెండు లేకపోలేదు. మీ శ్రీమతి గారికి ఆ నగరంలో నమ్మకమైన పని దొరికితే ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది, అద్దె ఒకటే కనుక రెండో జీతంలో చాలా భాగం మిగులుగానే నిలుస్తుంది. రెండోది, ఓడరేవు యార్డుల్లో కంటెయినర్లను ఎత్తి దొంతర్లు పెట్టే రీచ్ స్టాకర్ వంటి భారీ యంత్రాలు ఉంటాయి. వాటి మీద శిక్షణ ఇప్పిస్తామని సంస్థ కాగితం మీద రాసిస్తే రెండు మూడేళ్ల పాటు తక్కువ మిగులును ఓర్చుకోవడంలో అర్థముంది. నోటి మాటగా చెబితే మాత్రం దాన్ని జీతంలో భాగంగా లెక్కవేయకండి. మిమ్మల్ని తీసుకునేది సంస్థ నేరుగానా, కాంట్రాక్టరు ద్వారానా, రాత్రి షిఫ్టు ముగిసే వేళకు ఇంటికి బస్సు ఉంటుందా అన్నవి కూడా సంతకానికి ముందే అడగండి.

ప్రశ్న: మా ఊళ్లో అద్దెలు పెరిగాక నెలకు 50, 60 గంటల ఓవర్‌టైముతో నెట్టుకొస్తున్నాను. ఇలా ఎన్నాళ్లయినా చేయవచ్చా?

జవాబు: అద్దె ప్రతి నెలా వచ్చే ఖర్చు, ఓవర్‌టైము ఎప్పుడు ఆగుతుందో మీ చేతిలో లేని రాబడి, మొదటిదాన్ని రెండోదానితో కట్టడం వల్లే సీజను అయిపోగానే చాలామంది ఆపరేటర్లు అప్పుల్లో పడుతున్నారు. అంతకన్నా ముఖ్యం మీ నడుము. ఎత్తైన సరుకు ముందున్న దారి కనబడకుండా కప్పేస్తే బండిని వెనక్కి నడపాలి, అంటే షిఫ్టులో చాలాసేపు మెడ, నడుము మెలితిప్పి కూర్చోవాలి. గట్టి చక్రాల బండి అతుకుల నేల మీద వెళుతుంటే ఆ కుదుపంతా సీటు గుండా వెన్నుకే తగులుతుంది. ఈ ప్రకంపనలకు యూరోపియన్ యూనియన్ 2002లో హద్దులు పెట్టింది. ఎనిమిది గంటల పనికి సరిచేసిన లెక్కలో కుదుపు తీవ్రత (త్వరణం) సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే యజమాని తగ్గింపు చర్యలు మొదలుపెట్టాలి, 1.15 మీటర్లు అసలు దాటకూడదు. ఎనిమిది గంటలకు సరిచేయడమంటే, అదే బండి మీద పన్నెండు గంటలు కూర్చున్నవాడి మోతాదు ఆ మేరకు పెరుగుతుందని అర్థం. ఓవర్‌టైము డబ్బును బకాయిలు తీర్చడానికీ, పొదుపుకూ వాడండి. అద్దె మాత్రం మూల జీతంలో ఇమిడేలా ఇల్లు మారడమో, పని మారడమో ఏడాదిలోగా చూసుకోండి.

ప్రశ్న: మా ప్రాంతంలో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ల సగటు జీతమని ప్రభుత్వ పట్టికలో చూసిన అంకె నా జీతం కన్నా ఎక్కువగా ఉంది. నన్ను మోసం చేస్తున్నట్టేనా? ఖర్చులు పెరిగాయని చెప్పి పెంపు అడగవచ్చా?

జవాబు: ఆ ఒక్క అంకెతో మోసమని తేల్చలేము. ప్రభుత్వ గణాంకాల్లో ఈ వృత్తి అంతా సాధారణంగా ఒకే గంపలో ఉంటుంది. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణలో లిఫ్టింగ్ ట్రక్ ఆపరేటర్లకు 8344 అన్న ఒకే సంకేతం ఉంది. నిన్న చేరినవాడూ, ఇరవై ఏళ్ల అనుభవజ్ఞుడూ, ఇరుకు సందుల్లో చాలా ఎత్తున ప్యాలెట్లు (సరుకు పేర్చే చట్రాలు) పెట్టేవాడూ అందులోనే. సగటును కొద్దిమంది పెద్ద జీతాలు పైకి లాగుతాయి కనుక మధ్యస్థం, అంటే వరుసలో సరిగ్గా నడుమ నిలిచే జీతం, ఎక్కువ నమ్మదగినది. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఈ వృత్తికి ప్రాంతాల వారీగా 10, 25, 50, 75, 90 శాతాల దగ్గరి జీతాలు కూడా ప్రచురిస్తుంది; 25 దగ్గరి జీతమంటే నూటికి 25 మంది అంతకన్నా తక్కువ తెచ్చుకునేది, 50 దగ్గరిదే మధ్యస్థం. మీ పట్టికలో అలాంటివి ఉంటే కొత్తవారు 25 దగ్గరా, అనుభవజ్ఞులు 50కి పైనా పోల్చుకోవడం న్యాయం. పట్టిక ఏ సంవత్సరానిదో కూడా చూడండి.

ఇక ఖర్చుల మాట. కనీస వేతనాల గురించి 1970లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 131వ ఒప్పందం, వేతనం నిర్ణయించేటప్పుడు కార్మికుల, వారి కుటుంబాల అవసరాలనూ, జీవన వ్యయాన్నీ లెక్కలోకి తీసుకోవాలంటుంది. ఆ వాదన ప్రభుత్వం ముందూ, సంఘం బేరసారాల్లోనూ బలంగా నిలుస్తుంది. ఒక్కరే మేనేజరు గదిలోకి వెళ్లి అద్దె పెరిగిందంటే ఆయన సానుభూతి చూపి పంపించేస్తాడు, ఆయన అద్దె కూడా పెరిగింది గదా. అక్కడ పనికొచ్చేది మీరు మానేస్తే ఆయనకు కలిగే నష్టం. గత ఏడాది ర్యాక్‌కు గానీ సరుకుకు గానీ దెబ్బ తగలని రికార్డు, రీచ్ ట్రక్ (కొమ్ములు ముందుకు చాపి ఎత్తైన ర్యాకుల్లో సరుకు పెట్టే బండి) నడిపే అర్హత, కొత్తవారికి పని నేర్పిన వివరం ఒక కాగితం మీద రాసి, పక్కనే మధ్యస్థ జీతం అంకె వేసి, సీజను మొదలయ్యే ముందు అడగండి. సీజను ముగిశాక అడిగితే అదే కాగితానికి సగం విలువ కూడా ఉండదు.