యువ రచయితకు: పార్టీ మనిషిని బొమ్మ చేయకు

చిరంజీవికి,

ఇరాక్ యుద్ధం మీద నువ్వు పంపిన కథ చదివాను. భాష బాగుంది, కోపం ఇంకా బాగుంది. చిక్కల్లా మనుషులతోనే. నీ రిపబ్లికన్లంతా జెండా ఊపుతారు, డెమోక్రాట్లంతా కన్నీళ్లు పెట్టుకుంటారు. 2002 అక్టోబరులో సెనేట్ 77–23తో బుష్‌కి యుద్ధాధికారం ఇచ్చినప్పుడు సరేనన్నవాళ్లలో 29 మంది డెమోక్రాట్లు. హిల్లరీ క్లింటన్, కెర్రీ, బైడెన్ అందులోవాళ్లే. ఈ లెక్క ముందు నీ కథ సగం కూలిపోతుంది. కూలనీ.

నార్త్ కరొలైనా రిపబ్లికన్ వాల్టర్ జోన్స్ సంగతి చదువు. తండ్రి డెమోక్రాట్ కాంగ్రెస్ సభ్యుడు. కొడుకు 1994లో అవతలి పార్టీ తరఫున గెలిచాడు. మెరైన్ల స్థావరం క్యాంప్ లెజూన్ ఆయన నియోజకవర్గంలోనే ఉంది. యుద్ధానికి ఓటేశాడు. ఫ్రాన్స్ అడ్డం తిరిగిందని 2003 మార్చిలో ప్రతినిధుల సభ క్యాంటీన్ల మెనూలో ‘ఫ్రెంచ్ ఫ్రైస్’ తీయించి ‘ఫ్రీడమ్ ఫ్రైస్’ అని పెట్టించినవాళ్లలో ఈయనొకడు. నీ వయసువాళ్లు ఇక్కడే నవ్వేసి పేజీ తిప్పేస్తారు.

తర్వాతి నెలలోనే లెజూన్‌లో ఓ మెరైన్ అంత్యక్రియలకి వెళ్లాడు. భర్త రాసిన ఆఖరి ఉత్తరం భార్య చదివి వినిపించింది. అప్పట్నుంచి చనిపోయిన సైనికుల ఇళ్లకి ఉత్తరాలు రాయడం పట్టుకున్నాడు. 11,000 దాటాయి. ఆఫీసు బయట నడవాలో వాళ్ల ఫొటోలు వరసగా పెట్టించాడు. 2005లో సైన్యాన్ని వెనక్కి రప్పించే ప్రణాళిక చెప్పమంటూ డెమోక్రాట్లతో కలిసి తీర్మానం పెట్టాడు. సొంతవాళ్లు ఊరుకుంటారా? సబ్‌కమిటీలో రావాల్సిన పదవి రాలేదు, 2008 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నికలో, పోటీ వచ్చింది. అయినా 2019లో పోయేదాకా రిపబ్లికన్‌గానే ఉన్నాడు.

కథ ఆ ‘అయినా’ దగ్గరుంది. పార్టీ మారిపోయి ఉంటే మనకి రాయడం తేలికయ్యేది. మిగతా చాలా విషయాల్లో ఆయన పాత సంప్రదాయవాదే. తన ఓటుకి ప్రాయశ్చిత్తంగానే ఉత్తరాలు రాస్తున్నానని తనే చెప్పుకున్నాడు. అలాగని ఋషిని చేసెయ్యకు. ఆ మెనూ కార్డు దాచకు.

నీ కథలో అధిష్ఠానం విప్ జారీ చేసిందని రాశావు. అది మన సభల పద్ధతి. మన దగ్గర విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. అమెరికాలో ఫిరాయింపుల చట్టం లేదు. అక్కడ పార్టీ గీత దాటనివాణ్ణి ఆపేది చట్టం కాదు. మరేం ఆపుతుందో నువ్వే తవ్వాలి: ప్రైమరీ భయమా, స్నేహాలా, నిజంగా నమ్మడమా.

2002 నాటి ఆ ఓటింగ్‌లో రిపబ్లికన్ సెనేటర్లలో యుద్ధం వద్దన్నది రోడ్ ఐలండ్ లింకన్ చేఫీ ఒక్కడే. 2006లో ఓడిపోయాడు. జనం మనిషిని కాదు, పార్టీని చూసి దింపేశారు. యుద్ధం మీద కోపం యుద్ధాన్ని వద్దన్నవాడినే ముంచింది. నేను కల్పిస్తే అతి అనేవాళ్లు!

ఇంకో లోటు పెద్దది. ‘లక్షల కోట్లు బూడిద’ అన్నావు సరే, 4,400కి పైగా అమెరికన్ సైనికులు పోయారనీ రాశావు. ఇరాకీ పౌరులు లక్షకి పైనే పోతే నీ కథలో ఒక్కడూ కనబడడేం? జోన్స్ ఉత్తరాలు వాళ్లిళ్లకి వెళ్లలేదు. నీ కథైనా వెళ్లాలి కదా.

నీ కథలో టీవీ ముందు చప్పట్ల సీను కొట్టెయ్. దాని చోట ప్రైమరీ ప్రచారంలో జోన్స్‌లాంటి అభ్యర్థిని ఓ మెరైన్ తండ్రి నిలదీసే సీను పెట్టు. తన కొడుకు ఊరికే పోలేదని ఆ తండ్రి గట్టిగా నమ్మాలి, చదువుతున్న నాకు జవాబు తోచకూడదు. అది రాశాక పంపు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు