టెంట్ మీది, తుపాకులు వాళ్లవి: హెచ్-1బీ మీద ఉండి వేటకు వెళ్లొచ్చా?

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద డెన్వర్‌లో మూడేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసు స్నేహితులు అక్టోబరు చివర్లో కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు వెళ్తూ నన్నూ రమ్మన్నారు. ఆ రోజుల్లో అక్కడ మంచు పడుతుంది, గాలి కూడా తీవ్రంగా ఉంటుంది. తుపాకులు వాళ్లవే. నా వంతుగా టెంట్ కొంటానని మాటిచ్చాను. లోపల కట్టెల పొయ్యి పెట్టుకునే కాన్వాస్ వాల్ టెంట్ ఒకటి చూశాను. ఆరుగురం అందులోనే పడుకుంటాం, రాత్రిపూట రైఫిళ్లు కూడా లోపలే పెడతారు. నేను వేటాడను, సరదాకి ఒకటి రెండుసార్లు కాలుస్తానేమో. ఎలాంటి టెంట్ తీసుకోమంటారు? నా వీసాకు ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: టెంట్ సంగతి తర్వాత చెప్తాను. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది మీరు తేలిగ్గా రాసిన ఒక్క మాట: ‘సరదాకి ఒకటి రెండుసార్లు’. వేట లైసెన్స్ లేకుండా మీరు ఆ పని చేస్తే అది ఫెడరల్ నేరం.

అమెరికా ఫెడరల్ చట్టంలో 18వ టైటిల్, సెక్షన్ 922(జి)(5) అని ఒకటుంది. నాన్ ఇమిగ్రెంట్ వీసా (తాత్కాలిక వీసా) మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అది చెప్తుంది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, మన అమ్మానాన్నలు వచ్చే బి-2, అన్నీ దీని కిందికే వస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. తుపాకీ మీ సొంతం కానక్కర్లేదు. స్నేహితుడు చేతికిచ్చినా, షూటింగ్ రేంజ్‌లో గంటకు అద్దెకు తీసుకున్నా చట్టం దృష్టిలో అది మీ దగ్గర ఉన్నట్టే. 2022 సవరణతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. శిక్ష సంగతి అలా ఉంచినా, ఈ సెక్షన్ కింద దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదొక్కటే చాలు.

ఇది కాగితం మీది భయం కాదు. సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చిన రెహైఫ్ కేసులో నిందితుడు స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడాకు వచ్చిన కుర్రాడు. మార్కులు తగ్గి యూనివర్సిటీ నుంచి తీసేశారు, వీసా హోదా పోయింది. తర్వాత ఒక రేంజ్‌కి వెళ్లి తుపాకీ కాల్చాడు. కేసు పడింది. తన హోదా ఏమిటో అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు అన్నది. అయితే ఆ తీర్పు మీకు పెద్దగా పనికిరాదు. మీరు హెచ్-1బీ మీద ఉన్నారని మీకు తెలియదని ఎవరు నమ్ముతారు? చట్టం తెలియదన్నది మాత్రం ఇక్కడ సమాధానం కాదు. వీకెండ్‌లో రేంజ్‌కి వెళ్లి, రైఫిల్ భుజాన పెట్టుకుని ఫొటో దిగి, దాన్ని అందరికీ పంపే మన పిల్లల్ని చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. ఆ ఫొటోయే సాక్ష్యం.

ఇక మంచి మాట. ఇదే చట్టంలో 922(వై)(2) కింద మినహాయింపు ఉంది. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ మీ దగ్గరుంటే ఈ నిషేధం మీకు వర్తించదు. చేపలు పట్టే లైసెన్స్ పనికిరాదు. కొలరాడోలో వరుసగా ఆరు నెలలు నివాసం ఉన్నవాళ్లు స్థానికుల ధరకే లైసెన్స్ తీసుకోవచ్చు, మీకు మూడేళ్లయింది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లయితే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఆ కోర్సు మీరు ఎలాగూ చేయాలి, తుపాకుల మధ్య నాలుగు రోజులు ఉండబోతున్నారు కాబట్టి. ఒక్క జాగ్రత్త: లైసెన్స్ గడువు ఏ రోజు తీరితే ఆ రోజే మినహాయింపూ పోతుంది. ఎల్క్ లైసెన్స్ ఆ సీజన్ తేదీల వరకే. సీజన్ అయ్యాక స్నేహితుడి రైఫిల్ మీ ఇంట్లో ‘రెండు వారాలు ఉంచుకో’ అంటే ఒప్పుకోకండి. మీ పేరు మీద కాకుండా వాళ్ల పేరు మీద మీకోసం తుపాకీ కొనిపెడతామన్నా వద్దనండి, అది వేరే నేరం.

ఇప్పుడు టెంట్. తుపాకీని ముట్టుకోకపోయినా ‘దగ్గర ఉంది’ అనిపించుకునే దారి ఇంకొకటుంది. వస్తువు చేతిలో లేకపోయినా, దాన్ని అదుపులో పెట్టుకునే శక్తీ ఉద్దేశమూ రెండూ ఉంటే అది మీ దగ్గరున్నట్టే లెక్క అని సుప్రీంకోర్టు 2015లో హెండర్సన్ కేసులో చెప్పింది. రైఫిల్ ఉన్న టెంట్‌లో నిద్రపోవడమే నేరం కాదు, ఉద్దేశం రుజువు కావాలి. కానీ మీ పరిస్థితి చూడండి: టెంట్ బిల్లు మీ పేరు మీద, రైఫిళ్లు మీ మంచం పక్కన, ‘రేపు నేనూ ఒకసారి కాలుస్తా’ అన్న మెసేజ్ మీ ఫోన్‌లో. ఈ మూడూ కలిపి ప్రాసిక్యూటర్ ముందు పెడితే, మిమ్మల్ని కాపాడే లాయర్‌గా నాకు నిద్రపట్టదు. అందుకే నా సలహా ముందు లైసెన్స్, తర్వాతే టెంట్. లైసెన్స్ ఉంటే మీరు చూసిన పెద్ద టెంటే తీసుకోండి, భయం లేదు.

కొనేటప్పుడు కొట్టువాడికి మీ అవసరం రాతపూర్వకంగా చెప్పండి: అక్టోబరు చివర్లో, కొండమీద, తడిమంచు, ఈదురుగాలి, ఆరుగురు, లోపల పొయ్యి. ఈమెయిల్ చాలు. మీ ప్రత్యేక అవసరం అమ్మేవాడికి తెలిసి, అతని ఎంపికను నమ్మి మీరు కొంటే, ఆ అవసరానికి తగిన సరుకే ఇవ్వాలన్న హామీని వాణిజ్య చట్టం సెక్షన్ 2-315 తనంతట తానే కల్పిస్తుంది. బిల్లు వెనక ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఉంటే ఆ హామీ పోవచ్చు, కాబట్టి వెనక్కి తిప్పి చదవండి. కొన్నాక ఇంటి పెరట్లో ఒకసారి నిలబెట్టి, కుట్లు చూసి, నీళ్లు కొట్టి పరీక్షించండి. లోపం కనబడితే వెంటనే రాయండి. ఆలస్యం చేస్తే హక్కు చేజారుతుంది.

సరుకు విషయానికొస్తే, వాలు తక్కువ ఉన్న పైకప్పు మీద మంచు పేరుకుని కూలుతుంది. అందుకని వాలు ఎక్కువగా ఉండి, లోపల స్టీలు గొట్టాల చట్రం ఉన్నది చూడండి. పొగగొట్టం బయటికి వెళ్లేచోట వేడికి తట్టుకునే గుడ్డ కుట్టి ఉండాలి, గొట్టం కొసన నిప్పురవ్వలు ఆపే జల్లెడ ఉండాలి. సీపీఏఐ-84 అనే నిప్పు పరీక్ష లేబుల్ అడగండి. అది ఉంటే నిప్పు మెల్లగా అంటుకుంటుందని అర్థం, అంటుకోదని కాదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి తప్పనిసరిగా పెట్టండి. మూసిన టెంట్‌లో పొగగొట్టం పూడుకుపోతే నిద్రలోనే ప్రాణం పోతుంది. బయలుదేరే ముందురోజు ఆ నేషనల్ ఫారెస్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి నిప్పు ఆంక్షలు ఉన్నాయేమో, టెంట్‌లోపలి పొయ్యికీ అవి వర్తిస్తాయేమో అడగండి. పొయ్యి వల్ల అడవి అంటుకుంటే ఆర్పడానికైన ఖర్చు ప్రభుత్వం మీ నుంచి రాబట్టగలదు.

వేట నియమాలు తనిఖీ చేసే వార్డెన్ వస్తే లైసెన్స్ చూపించండి, మర్యాదగా మాట్లాడండి. టెంట్ లోపలికి రావడం మాత్రం వేరే విషయం. నివాసంగా వాడుకుంటున్న టెంట్‌కు కూడా ఇంటిలాంటి రక్షణ ఉందని కొలరాడో సుప్రీంకోర్టు 1997లో షేఫర్ కేసులో చెప్పింది. వెతకడానికి అనుమతి అడిగితే ‘ఒప్పుకోవడం లేదు’ అని శాంతంగా చెప్పవచ్చు. టెంట్‌లో ఉన్న మరొకరు ఒప్పుకుంటే పరిస్థితి మారిపోవచ్చు, కాబట్టి ఈ మాట అందరూ ముందే అనుకోండి. మందు సంగతి కూడా ముందే తేల్చుకోండి. తాగిన మత్తులో తుపాకీ దగ్గరుంటే కొలరాడోలో అదే నేరం. స్థానికుడికి అది జరిమానాతో పోవచ్చు, మీకు అది వీసా సమస్య.

ఒకవేళ కోర్సు, లైసెన్స్ ఈ అక్టోబరుకు పూర్తికాకపోతే పెద్ద టెంట్ స్నేహితుల్లో ఒకరి పేరు మీద కొననివ్వండి, మీ వంతు డబ్బులు వేరే ఖర్చులో సర్దుకోండి. మీకోసం గాలికి తట్టుకునే చిన్న ఫోర్ సీజన్ (చలికాలంలోనూ పనికొచ్చే) టెంట్, మంచి స్లీపింగ్ బ్యాగ్ తీసుకుని కాస్త దూరంగా వేసుకోండి. రైఫిళ్లూ తూటాలూ వాళ్ల ట్రక్కులోనే వెళ్లాలి, మీ కారులో కాదు. రాత్రి వాటికి వేసిన తాళంచెవి వాళ్ల జేబులోనే ఉండాలి.