బిడ్డ నెత్తిన ఒట్లు ఇక చాలు

ఉత్తరం: మావారు రోజుకు పదిహేను సిగరెట్లు కాలుస్తారు. మా పన్నెండేళ్ల అబ్బాయి నెత్తిన చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేసి, మూడో రోజే మళ్లీ వెలిగించారు. అప్పటి నుంచి వాడు తండ్రితో మాట్లాడడు. చొక్కా వాసన చూస్తాడు, జేబులు వెతికి నాకు చెబుతాడు. ఆయనకు తెలియకుండా అన్నంలో కలిపితే మాన్పించే పొడి ఉందంటున్నారు. కలపమంటారా?

జవాబు: వద్దు. ఏముందో తెలియని పొడిని చెప్పకుండా తినిపించడం వైద్యం కాదమ్మా. ఆ సంగతి అక్కడితో వదిలేయండి.

నన్ను కలవరపెట్టింది మీ అబ్బాయి. నాన్నకు నా ప్రాణం కన్నా సిగరెట్టే ఎక్కువని వాడు తేల్చేసుకున్నాడు. పైగా ఇంట్లో వాడే పోలీసు. ఆ పని మీరు అప్పగించారో, వాడే నెత్తికెత్తుకున్నాడో గానీ, ఈరోజే మాన్పించండి.

మూడో రోజే ఎందుకు తప్పారో వాడికి తెలియాలి. పొగ పీల్చిన 10–20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి, అసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం కోసం ఉన్న గ్రాహకాలను, అంటే ఆ రసాయనం వచ్చి అతుక్కునే చోట్లను, పట్టుకుంటుంది. హాయినిచ్చే డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే మెదడు ఆ గ్రాహకాలను ఇంకా పెంచుకుంటుంది. రక్తంలో నికోటిన్ దాదాపు 2 గంటలకోసారి సగమవుతుంది కాబట్టి తెల్లారేసరికి అవన్నీ ఆకలితో ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం మొదలై 2–3 రోజులకు తారస్థాయికి చేరతాయి. తగ్గడానికి 2–4 వారాలు, గ్రాహకాలు మామూలు సంఖ్యకు రావడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. అంత గడ్డు రోజున తండ్రి ప్రేమకు పరీక్ష పెట్టారు మీరంతా.

అలాగని ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. ఒట్టుకు ఖర్చేముంది? డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆయన బాధ్యత. గుండెజబ్బు ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి. రోజుకు పదికి మించి కాల్చేవారికి సాధారణంగా చర్మానికి అంటించుకునే 21 మి.గ్రా. నికోటిన్ ప్యాచ్ 6 వారాలు, తర్వాత 14, ఆపైన 7 మి.గ్రా. రెండేసి వారాలు ఇస్తారు. ఉన్నట్టుండి తన్నుకొచ్చే కోరికకు నమిలే నికోటిన్ గమ్ ఉంది. నిద్ర లేచిన అరగంటలోపే వెలిగించే అలవాటుంటే 4 మి.గ్రా., లేకుంటే 2.

చాలామంది గమ్ దగ్గరే దెబ్బతింటారు. గబగబా నమిలి రసం మింగితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం వస్తాయి, కోరిక మాత్రం తీరదు. నోరు చురచురలాడే దాకా మెల్లగా నమలాలి, చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచి కాఫీ, పండ్లరసం ముట్టకూడదు. పులుపు నికోటిన్‌ను నోట్లో ఇంకనివ్వదు. కాఫీ కూడా సగానికి తగ్గించమనండి. పొగ వల్ల కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. పొగ ఆపాక అన్నే కప్పుల కాఫీ తాగితే వచ్చే దడను సిగరెట్ కోరికే అనుకుంటారు.

మధ్యలో ఒకటి కాల్చినంత మాత్రాన వైద్యం ఆపక్కర్లేదు, డాక్టరుకు చెబితే చాలు. మీరూ జేబులు వెతకకండి.

అన్నిటికన్నా ముందు ఆయన కొడుకుని కూర్చోబెట్టి, "ఆ ఒట్టు నేను వేయకూడనిది, దాని వల్ల నీకేమీ కాదు" అని తన నోటితో చెప్పాలి. ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండకండి.