మా సెంటర్ లినక్స్‌కి డీఫాల్ట్ వాల్‌పేపర్ ఏది పెట్టాలి?

పర్లాకిమిడి సెంటర్లో పిల్లలు వాడే కంప్యూటర్లకి డెబియన్ అనే స్వేచ్ఛా లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద సొంత లినక్స్ కడుతున్నామన్నారు కదా. బరంపురం పట్టుచీర అంచు పెడదామని మొదట అందరికీ అనిపిస్తుంది. నేనూ పెట్టి చూశాను. చీరకి అందమే, తెరకి కాదు. ఆ సన్నగీతల్లో ఐకాన్ల పేర్లు, ముఖ్యంగా తెలుగు, ఒడియా గుణింతాలు, కలిసిపోయి కనబడవు.

మహేంద్రగిరి మీద పొగమంచు ఫొటో నయం. రంగులు తక్కువ, ఖాళీ ఎక్కువ. కొండ మధ్యలో ఉండాలి. వెడల్పు తక్కువుండే పాత 4:3 మానిటర్లలో తెర నిండేలా జూమ్ చేస్తే వెడల్పాటి 16:9 బొమ్మ రెండు పక్కలా తెగిపోతుంది. సైజు 3840×2160 చాలు. లినక్స్‌లో తెరని చూపించే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో, 2022లో వచ్చిన గ్నోమ్ 42 నుంచి లైట్, డార్క్ మోడ్‌లకి వేర్వేరు బొమ్మలు పెట్టుకోవచ్చు, రాత్రి ఫొటో కూడా ఒకటి తీయండి.

నెట్‌లో దొరికింది మాత్రం వద్దు. మీరు తీసిందే సీసీ బై-ఎస్ఏ లైసెన్సుతో (మీ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి) ఇవ్వండి. ‘వ్యాపారానికి వాడరాదు’ అనే షరతుంటే డెబియన్ దాన్ని స్వేచ్ఛా లైసెన్సుగా ఒప్పుకోదు. డెబియన్ కూడా ప్రతి విడుదలకీ కళాకారుల నుంచి డిజైన్లు పిలిచి, ఓట్లు అడిగే ఎంచుతుంది. మీరూ నాలుగు ఫొటోలు పెట్టి పిల్లల్నే అడగండి.